దంతచికిత్సలో రబ్బరు డ్యాము: అనంతపుర పీఠభూమి

దంతచికిత్స జరుగుచున్నంతసేపు చికిత్స పొందుచున్న పంటిని నాలుక, బుగ్గ, చిగుళ్ళు, గొంతు మొదలగు నోటిభాగములనుండియు, వీనినన్నిటిని ఎడతెగక తడుపుచుండు లాలాజలమునుండియు వేరుచేసి, పొడిగాను శుభ్రముగాను నిలుపుటకై వైద్యులు వాడు పలుచని రబ్బరు పలకకు రబ్బరు డ్యామని పేరు. జానెడైనను లేని ఈ చదరపు పలకకు ఒక రంధ్రము పొడిచి, ఆ రంధ్రమునుండి పన్ను వెలికి వచ్చునట్లు తొడిగి, పంటి మెడకు ఉక్కు క్లాంపును బిగించి, పలక అంచులను ఒక చట్రమునకు తగిలించిన తోడనే నోరంతయు మరుగుపడి, వైద్యుని కన్నులయెదుట ఆ పన్ను ఒక్కటియే నిలుచును. ఈ సాధనము వాడుకలోనికి వచ్చి నూట అరువదేండ్లు దాటినది; దీని వెల కొలది పదుల రూపాయలు; దీనిని అమర్చు నేర్పు ఏ దంతవైద్య విద్యార్థికైనను అలవడదగినదే. అయినను మన దేశమున సామాన్య దంతవైద్యశాలలలో దీని వాడుక నేటికిని విరళముగానే యున్నది.

ఈ విషయమును అనంతపుర పీఠభూమితో జోడించి చెప్పుటకు కారణము కలదు. ఇచ్చటి జనుల దంతములకు మొదటి హాని తాగునీటివలననే కలుగుచున్నది. ఆ హానిని సరిదిద్దుటకు చేయు చికిత్సలలో ముఖ్యమైనవన్నియు పంటిపై తడి చేరకుండుటను మొదటి నియమముగా కోరుచున్నవి. ఈ రెండు సంగతులను కలిపి చూచినప్పుడు, పెద్ద నగరములలో ప్రత్యేక నిపుణుల చేతిపనిముట్టుగా మాత్రమే తలపబడుచున్న ఈ రబ్బరు పలక, నిజమునకు కరవుసీమ రోగికి మరింత అవసరమైనదని స్పష్టమగును.

1882లో బళ్ళారి జిల్లానుండి విడివడి ఏర్పడి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా తననుండి వేరుపడగా నేటి రూపమును పొందిన అనంతపురము జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. నైరృతి ఋతుపవనము కనుమలను దాటునప్పటికే తన నీటిని చాలవరకు విడిచివేయును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలము తగ్గిపోవును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు అదనుకు రానిది, ఈ నేలకు దక్కుచున్నది. పెన్న, చిత్రావతి, హగరియని వాడుకలోనున్న వేదవతి, ఇవన్నియు ఏడాదిలో పెక్కునెలలు ఇసుకమేటలుగానే కనబడును. చెరువులును, దిగుడుబావులును ఎండినకొలది కళ్యాణదుర్గము, రాయదుర్గము, ఉరవకొండ, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనున్న మడకశిర ప్రాంతముల పల్లెలు బోరుబావుల నాశ్రయించినవి. నీరు అందనికొలది ఆ బోర్లు వందల అడుగుల లోతునకు దిగినవి.

ఈ పీఠభూమి అడుగున నున్నవి గ్రానైటు, నైసు జాతుల ప్రాచీనశిలలు. వానిలోని నల్ల అభ్రకము, హార్న్‌బ్లెండు, అపటైటు, ఫ్లోరైటు మొదలగు ఖనిజములలో ఫ్లోరైడు ఇమిడియున్నది. రాతిపగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు, అందును క్షారగుణము హెచ్చుగాను కాల్షియము తక్కువగాను ఉన్న నీరు, ఆ ఫ్లోరైడును కరగించుకొని పైకి వచ్చును. వాన తక్కువయై ఎండ ఎక్కువ యగుటచేత ఆ లవణము పలుచబడుటకు బదులు చిక్కబడును. తాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరొక ఆధారము దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము నిర్ణయించినది. ఈ హద్దును దాటిన బోర్లు ఈ ప్రాంతమున పెక్కు గ్రామములలో కలవు.

పంటి పైపొరయైన పింగాణి దవడయెముకలో రూపుదిద్దుకొనుచుండు బాల్యకాలమున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపు వయస్సున, ఫ్లోరైడు అధికముగానున్న నీరు తాగిన పిల్లలకు ఆ పింగాణి పూర్తిగా గట్టిపడక, పై పొరక్రింద సూక్ష్మరంధ్రములతో నిలిచిపోవును. అట్టి పన్ను మొలిచినప్పుడు సుద్దతెలుపు గీతలు, మచ్చలు కనబడును; పిమ్మట రంగులు ఆ రంధ్రములలో ఇంకి గోధుమవన్నెయు, కొందరికి నలుపును ఏర్పడును; తీవ్రమైనచో పింగాణి గుంటలుపడి పెచ్చులూడును. పల్లెలలో దీనిని గారపట్టుటయనియే చెప్పుకొందురు గాని, తోమినందువలన పోవు గార ఇది కాదు. పళ్ళు సరిగా తోమలేదని పిల్లలను మందలించు పెద్దలును, పెండ్లిచూపులనాటికైనను తెల్లబడవలెనని ఇటుకపొడితో, ఉప్పుతో చిగుళ్ళు నెత్తురుకారునట్లు రుద్దుకొను యువతీయువకులును ఈ సంగతిని తప్పక తెలిసికొనవలసియున్నది. దోషము పంటి లోపలిది. అది ఆ బిడ్డ అశ్రద్ధవలన వచ్చినది కాదు.

ఈ రోగమును శాస్త్రజ్ఞులు గుర్తించిన క్రమము కూడ తెలిసికొనదగినది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సునందు 1901లో వైద్యము ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు అచ్చటి పిల్లల దంతములపై గోధుమవన్నె మచ్చలను చూచి, వాని కారణము నీటిలోనే ఉండునని అనుమానించి, మూడు దశాబ్దములు వెదకెను. 1931లో చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ నీటిలోని ఫ్లోరైడును పట్టియిచ్చెను. మన దేశమున తొలి నివేదిక తెలుగునేలకు సంబంధించినదే. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగిసి వంగిపోయిన రోగులను పరీక్షించి షార్ట్ మొదలగు వైద్యులు 1937లో ఫ్లోరైడు అధికమగుటవలన కలుగు ఫ్లోరోసిస్‌ను గూర్చి ప్రకటించిరి. అనంతపుర ప్రాంతమున నీటి బాధను తగ్గించిన ప్రయత్నములలో 1995లో ప్రారంభింపబడిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకము ముఖ్యమైనది. 700కు పైగా గ్రామములకు దానివలన శుద్ధజలము చేరినది. కాని ఒకసారి ఏర్పడిన పింగాణి మరల కొత్తగా ఏర్పడదు. బోరునీటితో పెరిగినవారు ఆ గురుతులను జీవితాంతము మోయవలసినదే, లేదా దంతవైద్యుని కుర్చీని ఆశ్రయింపవలసినదే.

రబ్బరు డ్యాము పుట్టుకకు బంగారము కారణమైనది. పుచ్చిన పంటిని తొలిచి శుభ్రపరచి, ఆ గుంటను సన్నని బంగారు రేకుతో కూరుట పందొమ్మిదవ శతాబ్దమున ఉత్తమచికిత్స. శుద్ధమైన బంగారు రేకు పొరలు వేడిమి లేకయే, కేవలము ఒత్తిడివలన, ఒకదానితో ఒకటి అతుకునని రాబర్ట్ ఆర్థర్ 1855లో చూపెను. కాని ఆ పొరలమధ్య ఒక్క చుక్క ఉమ్మి చేరినను అతుకు కుదరదు. దూది ఉండలు, గుడ్డపీలికలు, అద్దుడు కాగితములు నోటిలో కుక్కి గంటలకొలది సాగించు ఆ పనిలో విసిగిన న్యూయార్కు రాష్ట్రపు యువ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ క్రిస్టీ బార్నమ్ 1864లో ఒక రబ్బరు ముక్కకు రంధ్రము చేసి పంటికి తొడిగి చూచెను; పన్ను పొడిగా నిలిచెను. అంతకు ఇరువదేండ్లముందు, 1844లో, చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును పదనుచేయు పద్ధతికి పేటెంటు పొందియుండకపోయిన యెడల, సాగి మరల ముడుచుకొను అట్టి రేకు బార్నమ్ చేతికి దొరకియుండెడిది కాదు. ఆయన ఈ యుక్తికి పేటెంటు కోరక వృత్తిలోని వారందరికి ఉచితముగ ధారపోసెను. వైద్యచరిత్రలో ఇట్టి ఔదార్యమునకు ఉదాహరణములు పెక్కు లేవు. దానిని ప్రత్యేకముగ స్మరింపవలెను.

మొదట రబ్బరును పంటిచుట్టు దారముతో కట్టుచుండిరి. 1882లో ఎస్. ఎస్. వైట్ సంస్థ రబ్బరుకు రంధ్రములు పొడుచు పంచిని తెచ్చెను. అదే యేట డెలోస్ పామర్ వేరువేరు దంతముల ఆకృతికి తగిన లోహపు క్లాంపులను రూపొందించెను. నేటికిని వాడుకలోనున్న పరికరములు ఆ నాటివానికి స్వల్పమైన మార్పులే. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున బంగారు రేకు స్థానమును పాదరసమిశ్రమము ఆక్రమించుటతో, కొంత తడిని సహించునని పేరుపడిన ఆ పదార్థము చాటున, రబ్బరు పలక మూలబడెను. పంటివేరులోని నాళమును శుభ్రపరచి మూయు రూట్ కెనాల్ చికిత్స వ్యాపించుటయు, పంటిరంగు రెసిను పూరకములు వచ్చుటయు దానిని మరల వెలికి తెచ్చినవి.

పలక సామాన్యముగా 5 లేక 6 అంగుళముల చదరము. మందమునుబట్టి సుమారు 0.15 మిల్లీమీటర్లనుండి 0.35 మిల్లీమీటర్లవరకు పలు తరగతులున్నవి. పలుచనిది ఇరుకుసందులలో సులభముగ దూరును, మందమైనది చిరుగక చిగురును గట్టిగా వెనుకకు నెట్టును. రూట్ కెనాల్‌కు నడితరగతి పలకయే అనుకూలము. ఆకుపచ్చ, నీలము, బూడిద వన్నెలు వాడుకలో నున్నవి. పంటి తెలుపు వానిపై స్పష్టముగ కనబడును. ఒక ప్రక్క నిగనిగలాడు పలకను, దీపపుకాంతి కంటికి కొట్టకుండునట్లు, మెరుగులేని ప్రక్క వైద్యునివైపు ఉండునట్లు వేయుదురు. రబ్బరుచెట్టు పాలనుండి చేసిన సహజ రబ్బరే ఎక్కువ. ఆ పాలలోని మాంసకృత్తులు పడని రోగులకు నైట్రైల్ లేక సిలికోను పలకలు కలవు. చేతితొడుగులు వేసికొన్నప్పుడు, బుడగలు ఊదినప్పుడు దద్దురు గాని ఆయాసము గాని వచ్చునేమోయని ముందుగా అడుగుట విధి.

సహజ రబ్బరునకు ఎండ, వేడిమి, గాలిలోని ఓజోను శత్రువులు. అనంతపురమున ఎండకాలములో 40 డిగ్రీలు దాటుట సర్వసాధారణము. కరెంటు పోయి, తలుపులు మూసిన గదిలో వారములతరబడి పడియున్న పెట్టెలోని పలక పైకి బాగుగానే కనబడినను పంటికి తొడుగునప్పుడు రంధ్రము అంచున పుటుక్కున తెగును. ఒకటిరెండుసార్లు ఇట్లు తెగిన పిమ్మట వైద్యుడు పలకను నిందించి పెట్టెను బీరువా అడుగున త్రోసివేయుటయు కద్దు. ఇందుకు మందు సులభమైనది. తయారైన తేదీ చూచి కొలదికొలదిగా కొనవలెను. మందులుంచు ఫ్రిజ్జులో పెట్టెను భద్రపరుపవలెను. వాడబోవు ముందు ఒక పలకను రెండు చేతులతో సాగదీసి విడిచి, అది చెదరక తొంటి రూపునకు వచ్చుచున్నదా యని చూడవలెను.

అమర్చు విధమును ఒక క్రింది దవడపంటిని తీసికొని చూతము. మొదట పంటి సందులలో ఫ్లోస్ దారమును పోనిచ్చి, గార గాని పదునైన అంచు గాని ఉన్నచో తొలగింపవలెను. క్లాంపు విల్లువంటి ఒక తీగయు, రెండు దవడలును గల చిన్న ఉక్కుపనిముట్టు. దాని విల్లునకు మూరెడు ఫ్లోస్ దారము ముడివేసి కొస నోటివెలుపల వ్రేలాడునట్లు విడువనిదే నోటిలోనికి దింపరాదు. ఏలయన క్లాంపు జారినను, విరిగినను, ఆ దారమే దానిని గొంతునుండి వెనుకకు లాగును. ఫోర్సెప్స్‌తో క్లాంపును విప్పార్చి పంటి మెడకు, విల్లు వెనుకవైపునకు వచ్చునట్లు, దింపినప్పుడు దాని నాలుగు మొనలును పంటిని ఏకకాలమున తాకవలెను. మూడే తాకినచో క్లాంపు ఊగి, తుదకు ఎగిరిపోవును. పంచి చక్రముమీద చిన్నదినుండి పెద్దదివరకు ఐదారు రంధ్రములుండును. దవడపంటికి పెద్దది, ముందు పళ్ళకు చిన్నవి. పొడిచిన రంధ్రము అంచు నున్నగా, గుండ్రముగా నుండవలెను; తునక పూర్తిగా ఊడక అంచును పట్టుకొని యున్నచో చిరుగు అచ్చటనే మొదలగును. నీటిలో కరగు జెల్లీని రంధ్రము చుట్టు పూయుదురు గాని వాసెలైనును పూయరు, అది రబ్బరును చెరచును. రెక్కలుగల క్లాంపును ముందుగనే రంధ్రములో నిలిపి, రబ్బరుతో కూడ పంటికి దింపి, పిమ్మట రెక్కలమీది రబ్బరును చదునైన పనిముట్టుతో క్రిందికి జార్చు పద్ధతి నేడు ఎక్కువ వాడుకలో నున్నది. డప్పుమీద తోలు బిగించినట్లు పలకను చట్రమునకు నలుదెసల సాగదీసి తగిలింతురు. ముక్కుపుటములకు పలక అడ్డము రాకుండునట్లు పై అంచును మడువవలెను. తుదకు రబ్బరు అంచును పంటిచుట్టు చిగురులోనికి ముడిచి గాలి ఊదినచో లాలాజలము ఊరదు. చేయి తిరిగినవారికి ఈ పనియంతయు కొలది నిమిషములది.

రూట్ కెనాల్ చికిత్సలో ఈ పలక ప్రయోజనము అన్నిటికంటె మిన్న. పంటి నడిమి మెత్తని భాగము కుళ్ళుటకును, వేరు కొసన చీము చేరుటకును క్రిములే కారణమని 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనువారు ఎలుకలపై చేసిన పరిశోధనతో రుజువైనది. క్రిములు లేని వాతావరణమున పెంచిన ఎలుకల పళ్ళను తొలిచి తెరచియుంచినను లోపలి భాగము మానుకొనెను. సామాన్యమైన ఎలుకలలో అది కుళ్ళిపోయెను. కావున రూట్ కెనాల్ సారాంశము నాళములోని క్రిములను వెడలగొట్టి, మరల ప్రవేశింపకుండ మూసివేయుటయే. మనుష్యుని నోట దినమునకు అరలీటరునుండి లీటరున్నరవరకు ఊరు లాలాజలము క్రిములతో నిండియుండును. ఒకవైపు సన్నని ఫైళ్ళతో నాళమును గీకి శుభ్రము చేయుచు, మరియొకవైపు అదే నాళములోనికి ఉమ్మిని దిగనిచ్చుట నిష్ఫలమైన పని. దూదిచుట్టలు ఇందుకు చాలవు. అవి తడిసినకొలది మార్చవలసి వచ్చును, మార్చునప్పుడెల్ల పన్ను తడియును.

రెండవది రోగి రక్షణ. నాళములను కడుగుటకు వాడు సోడియం హైపోక్లోరైటు బట్టలు తెల్లబరచు ద్రావణపు జాతిది, 0.5 నుండి 5.25 శాతమువరకు గాఢతలో దీనిని వాడుదురు. క్రిములను చంపుటలోను, కుళ్ళిన కణజాలమును కరగించుటలోను దీనికి సాటి లేదు; కాని అది నాలుకపై, గొంతులో పడినచో మంటపుట్టించి పుండ్లు చేయును. రబ్బరు డ్యాము లేనిచోట వైద్యుడు భయపడి దీని గాఢతను తగ్గించును, పరిమాణమును కుదించును, కొందరు ఉప్పునీటితోనే సరిపెట్టుదురు. దానితో చికిత్స మూలమే బలహీనపడును. ఇక ఫైళ్ళ సంగతి. 21 లేక 25 మిల్లీమీటర్ల పొడవుగల ఆ మొనదేలిన ఉక్కుతీగలు తడిసిన చేతితొడుగునుండి జారినచో, వెల్లకిల పడుకొనియున్న రోగి గొంతులోనికి పోవుట ఎంతసేపటి పని! కడుపులోనికి పోయినచో ఎక్సురేలు తీయుచు కనిపెట్టుకొని యుండవలెను. ఊపిరిగొట్టములోనికి పోయినచో గొట్టపుపరికరముతో వెదకి తీయవలెను, అట్టి వసతి జిల్లాకేంద్రమునకు వెలుపల దుర్లభము. అమెరికాలోను ఐరోపాలోను మూలదంతచికిత్సా నిపుణుల సంఘములు రబ్బరు డ్యామును ఈ చికిత్సకు విధాయకముగా నిర్ణయించుటకు ఇవియే కారణములు. రూట్ కెనాల్ విషయమున నా అభిప్రాయము నిస్సంశయమైనది: డ్యాము వేయకయే చేసిన చికిత్స ఒక్కొక్కప్పుడు నిలుచుట నిజమే, కాని అది రోగిని అకారణముగ అపాయమునకు గురిచేయుటయే.

పూరకముల విషయమున ఇంత తీవ్రముగ మాటలాడుటకు వీలులేదు. ఆమ్లముతో పింగాణిని గరుకుచేసి రెసినును అతికించు పద్ధతిని 1955లో బ్యూనోకోర్ కనిపెట్టెను. ఆ గరుకుతలముపై ఉమ్మి సోకినచో అతుకు సడలును, మరల ఆమ్లముతో శుద్ధిచేయవలసివచ్చును. జనులు సిమెంటు వేయించుకొన్నామని చెప్పుకొను పంటిరంగు పూరకములు ఏడాదియైనను నిలువక ఊడిపోవుటకు గల కారణములలో ఈ తడి ఒకటి. పరిశోధనలను గుదిగ్రుచ్చి పరిశీలించు కాక్రేన్ సంస్థ 2016లో ప్రకటించిన సమీక్షలో, దూదిచుట్టలకంటె రబ్బరు డ్యాముతో చేసిన పూరకములు తక్కువగా విఫలమగునట్లు కనబడుచున్నను ఆ సాక్ష్యము బలమైనది కాదని చెప్పినది. వెనుకటి దవడపళ్ళ చిగురుకు దిగువన చేయు పూరకములలో దీని ప్రయోజనము అనుభవజ్ఞులందరికి తెలిసినదే.

అనంతపుర ప్రాంతమునకు ప్రత్యేకమైన ఉపయోగము ఫ్లోరోసిస్ మచ్చల చికిత్సలో కలదు. ఈ మచ్చలను హైడ్రోక్లోరికామ్లముతో తొలగింపవచ్చునని కొలరాడో స్ప్రింగ్సునందే కేన్ అను వైద్యుడు 1916 ప్రాంతమున ప్రయత్నించెను; 1986లో క్రోల్, కావనాగ్ అనువారు 18 శాతము హైడ్రోక్లోరికామ్లమును ప్యూమిస్ పొడితో ముద్దచేసి పంటిపై రుద్దు పద్ధతిని క్రమబద్ధము చేసిరి; పిమ్మట అంతకంటె తేలికైన ఆమ్లముగల ముద్దలు అంగడిలోనికి వచ్చినవి. ఆమ్లము పింగాణి పైపొరను కరగించుచుండగా ప్యూమిస్ దానిని ఒరసివేయును. మిల్లీమీటరులో పదవవంతు అటునిటుగా పొర పోయినను, మచ్చ ఆ లోతులోపలిదేయైనచో పన్ను స్వచ్ఛముగ బయటపడును. ఆ ఆమ్లము చిగురునకు, పెదవికి సోకినచో కాల్చును, కావున పైదవడ ముందరి ఆరుపళ్ళకును కలిపి రబ్బరు డ్యాము వేసి, ప్రతి పంటి మెడచుట్టు రబ్బరును దారముతో బిగించి, దాని అంచున వంటసోడాను నీటితో కలిపి పూసి, రోగి కండ్లకు అద్దములుపెట్టి, అప్పుడే పని మొదలుపెట్టుదురు. పంటిపై ముద్దను కొలది క్షణములు రుద్దుట, నీటితో కడుగుట, తడియున్నప్పుడే చూచుట, మరల రుద్దుట. ఆరిన పంటిపై మచ్చ ఉన్నదానికంటె ముదురుగ కనబడును గనుక తడిలోనే తీర్పుచెప్పవలెను. రంగు లోతుగ దిగినచో 30 శాతమునకు పైబడిన హైడ్రోజన్ పెరాక్సైడుతో తెల్లబరచుటయు, గుంటలుపడినచో రెసినుతో కప్పుటయు దీని తరువాతి మెట్లు. పెరాక్సైడు సోకిన చిగురు తెల్లబడి మండును. అందుకును డ్యాముగాని, చిగురుపై పూసి దీపముతో గట్టిపరచు రెసిను కట్టగాని అవసరమే. ఫ్లోరోసిస్ సోకిన పింగాణి పైపొర మామూలు ఆమ్లమునకు అంతగా లొంగదు. అట్టి పంటికి రెసిను అతుకుట మొదలే కష్టము, ఇక దానికి తడియు తోడైనచో చికిత్స నిలువదు. ఈ కారణమున, ఇతర సీమల వైద్యుడు డ్యామును విడిచినను కొంతవరకు నెగ్గుకొని రాగలడేమో గాని, ఈ పీఠభూమి వైద్యునికి ఆ వెసులుబాటు లేదు.

ఇంత ప్రయోజనమున్నను ఇది వాడుకలోనికి రాకుండుటకు చెప్పబడు కారణములు మూడు నాలుగు. కాలము చాలదనుట మొదటిది. పళ్ళు ఆరబెట్టుటకు, దూది మార్చుటకు, రోగి లేచి ఉమ్మివేయుటకు, నాలుకను ప్రక్కకు నెట్టుటకు పట్టు కాలమును లెక్కించినచో ఈ వాదము నిలువదు. రోగులు ఒప్పుకొనరనుట రెండవది. ముందుగా చూపి, చేతికిచ్చి తాకనిచ్చి, ఊపిరి ముక్కుతో తీసికొమ్మని, ఇబ్బందియైనచో చేయి ఎత్తుమని చెప్పినయెడల పల్లెవాసులు కూడ సుఖముగనే పడుకొందురు. గొంతులోనికి నీరు పోవునను జంకు లేకపోవుటచేత పలువురు డ్యాము లేని పద్ధతికంటె దీనినే మేలనుకొందురు. మూడవది ఖర్చు. ముప్పదియారు పలకల పెట్టె, పదిరకముల క్లాంపులు, పంచి, ఫోర్సెప్స్, చట్రము, ఇవన్నియు కలిపినను దంతవైద్యశాలలోని ఒక్క కుర్చీ వెలలో స్వల్పభాగము. అసలు కారణము నా దృష్టిలో అలవాటు. మన దంతవైద్య విద్యాలయములలో ఈ పాఠము ఉండనే యున్నది. పరీక్షనాడు అమర్చిచూపిన విద్యార్థియే, సొంత వైద్యశాల తెరచిన పిమ్మట, తన గురువులును తోటివారును దినచర్యలో వాడకుండుట చూచి మానివేయుచున్నాడు.

దూరముకూడ లెక్కలోనికి రావలెను. కళ్యాణదుర్గము అవతలి పల్లెనుండి ఒక పూటకూలి వదలుకొని, ఆర్టీసీ బస్సెక్కి అనంతపురమునకు వచ్చు రోగికి చికిత్స విఫలమై మరల వచ్చుట అనగా మరియొక పూటకూలి, మరియొకసారి బస్సుచార్జీ; పెక్కుమంది ఆ రెండవసారి పన్ను ఊడబెరికించుకొనుటకే వత్తురు. బెంగళూరునకు వలసపోయినవారు సగము చికిత్సతోనే నెలలు గడుపుదురు. అట్టివారి పంటిని తొలిసారియే శుభ్రముగ మూయుట ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

2020లో కొవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు దంతవైద్యశాలలు మూతపడి, తెరచిన పిమ్మట పంటిని తొలుచు యంత్రమునుండి వెదజల్లబడు తుంపరలే వైద్యునికిని సహాయకులకును గొప్ప భయకారణమైనవి. ఆ తుంపరలలోని క్రిముల సంఖ్యను రబ్బరు డ్యాము బహుళముగ తగ్గించునని 1989లోనే పరిశోధకులు చూపియుండిరి. 2020లో వెలువడిన సూచనలలో దీని పేరు మరల వినబడెను. ఆ భయము తొలగిన పిమ్మట అలవాటు కూడ తొలగినచోట్లు లేకపోలేదు.

పనికి రాని సందర్భములు కొన్ని కలవు. సగమే మొలిచిన జ్ఞానదంతమునకు క్లాంపు నిలువదు. చిగురువరకు విరిగిన పంటికి మొదట రెసినుతో గోడ కట్టి, పిదప డ్యాము వేయవలెను. వంతెనకట్టు క్రింది పంటికి రెండు మూడు రంధ్రములను చీలికతో కలిపి, ఖాళీలను మెత్తని ముద్దతో పూడ్తురు. ముక్కు పూర్తిగా మూసుకొనియున్నవారికి, తీవ్రమైన ఉబ్బసముగలవారికి, మూర్ఛరోగులకు జాగ్రత్త అవసరము. పలకలో ఒక ప్రక్క చిన్నకన్ను కత్తిరించి గాలికి దారి విడుచుట కద్దు. మరియొక అపాయము వైద్యునికే సంబంధించినది: ప్రక్కపళ్ళు మరుగుపడుటచేత పంటి వాలు తెలియక తొలిచిన రంధ్రము ప్రక్కకు పోవుట, అరుదుగనైనను ఆరోగ్యవంతమైన పంటికే డ్యాము వేయుట సంభవించును. అందుచేత కొందరు పంటిపై ముందుగనే గురుతుపెట్టుకొని, మరికొందరు మొదటి రంధ్రమును డ్యామునకు ముందే తొలిచి, తరువాత దానిని అమర్తురు.

తీయునప్పుడు పళ్ళమధ్యనున్న రబ్బరు పట్టీలను బుగ్గవైపునకు లాగి, క్రింద వ్రేలు అడ్డుపెట్టి కత్తెరతో తెగగొట్టి, క్లాంపును విప్పి, పలకను చట్రముతో సహా ఎత్తివేయుదురు. ఆ వెంటనే పలకను వెలుతురునకు పరచి, తెగిన ముక్కలను జతపరచి, ఏదేని తునక తక్కువయైనదేమో చూడవలెను. పంటిసందులో చిక్కుకొనిన చిన్న రబ్బరు తునక చిగురు వాచి చీముపట్టుటకు, నిర్లక్ష్యము చేసినచో పంటిచుట్టుగల ఎముక కరగుటకును కారణమగును. వాడిన పలక మరల వాడదగినది కాదు. దానిని వైద్యవ్యర్థములతో చేర్తురు. క్లాంపులను కడిగి ఆటోక్లేవులో క్రిమిరహితము చేసి దాచుదురు. హైపోక్లోరైటు తగిలి తగిలి ఉక్కు విల్లు లోలోపల తినబడును గనుక, ప్రతి వాడుకకు ముందు దానిని ఫోర్సెప్స్‌తో విప్పార్చి బీటలున్నవేమో పరీక్షించి, అనుమానమున్న క్లాంపును అప్పుడే పారవేయుట మంచిది.